కెమెరా కొనాలంటే ముందు కొల్లేరు వెళ్ళండి!

తాడేపల్లిగూడెం అనగానే చుట్టుపక్కల జిల్లాల వాళ్ళకి మొదట గుర్తొచ్చేది ఉల్లిపాయల మార్కెట్టు, ఆ తరవాత బెల్లం. కాస్త పెద్దవాళ్ళనడిగితే రెండో ప్రపంచయుద్ధం నాడు వేసిన విమానాల రన్‌వే సంగతి చెబుతారు. చదువుకునే పిల్లలకైతే నిట్ కాలేజీ ఉన్న ఊరు. మేం మాత్రం పొట్టిగా 'గూడెం' అంటాం. ఫోటోలు తీసుకునే సరదా ఉన్నవాళ్ళకి మా గూడెం ఎంత వాటమైన ఊరో మాత్రం ఎవ్వరూ చెప్పరు. తెల్లవారుతూనే లారీల్లోంచి దిగే ఉల్లి బస్తాలు, ఏలూరు కాలువ గట్టు, వెంకట్రామన్నగూడెం వైపు మెట్ట తోటలు, ఇటు పల్లానికి దిగితే వరిచేలు, చేపల చెరువులు, వాటికవతల కొల్లేరు. రెండు గంటల ప్రయాణంలో మెట్టా, పల్లమూ, నీళ్ళూ మూడూ చూసెయ్యొచ్చు.

ఇంతకీ ఈ ఊరి గొడవంతా ఎందుకంటే, మా వదినగారికి కెమెరా కావలసొచ్చింది. ఆవిడకి యాభై దాటాయి. జాకెట్లు కుట్టి, చీరలకి ఫాల్సులు వేసి కూడబెట్టిన డబ్బుతో చీటీ వేస్తే, పాటలో అరవై వేలు చేతికొచ్చాయి. ఆ అరవై వేలూ కెమెరాకే అనేసరికి ఇంట్లో తలో మాటా అన్నారు. "ఫోనుందిగా, అందులో కెమెరా లేదా?" అని కొడుకు. "గాజులు చేయించుకోరాదూ?" అని మా అన్నయ్య. ఇప్పటి బంగారం ధరల్లో అరవై వేలకి జత గాజులొస్తాయా అండీ, మీరే చెప్పండి! వదినగారు ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. "నా కుట్టు డబ్బులే కదమ్మా" అని మాత్రం నా దగ్గర మెల్లిగా అన్నారు.

మూడు నాలుగేళ్ళుగా ఆవిడ ఫోనుతోనే తీస్తున్నారు. మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్ళు, ధనుర్మాసం ముగ్గులు, కాలువలో ఈదే గేదెలు, అటక మీంచి దిగిన ఆవకాయ జాడీలు... ఒక్కొక్కటీ చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఫోను వల్ల కాని పని ఒక్కటే. కిందటేడు ఆటపాకలో తీసిన పక్షుల ఫోటోలు చూపించారు. నల్లటి నీళ్ళ మీద తెల్లటి చుక్కలు! పెద్దవి చేద్దామని వేళ్ళతో లాగితే నూకల జావలా అలుక్కుపోయింది. "ఇదిగో, ఇందుకే కావాలి" అన్నారు.

కొట్లకి వెళ్ళాం. ఒక కొట్టు అబ్బాయి మెగాపిక్సెళ్ళు చెబుతాడు, ఇంకొకడు జూమ్ ఎన్ని రెట్లో చెబుతాడు, మూడోవాడు బ్యాగూ, స్టాండూ ఉచితం అంటాడు. చీర కొనేటప్పుడు మనమేం చేస్తాం? ట్యూబులైటు కింద రంగు తెలీదని గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తాం కదా. కెమెరాకీ అంతే. ఏ పని కోసం కొంటున్నామో ఆ పని దగ్గరకే తీసుకెళ్ళి చూడాలి. మా పక్కింటి రిటైర్డు టీచరుగారి దగ్గర లెన్సు ఊడని పెద్ద జూమ్ కెమెరా ఉంది, నైకాన్ పి950. మా మేనకోడలు హైదరాబాదు నుంచి పండక్కి వస్తూ తన చిన్న కెమెరా, కానన్ ఆర్50, పట్టుకొచ్చింది. దానికి తగిలించే 100-400 లెన్సు మూడు రోజులకి అద్దెకి తెచ్చిందట. పట్నాల్లో లెన్సులు అద్దెకిస్తారని మీలో ఎంతమందికి తెలుసు? వేలు పోసి కొనేముందు వందలతో తేలిపోయే పద్ధతి అది. వదినగారి ఫోను ఎలానూ ఉంది. ముక్కనుమ మర్నాడు అన్నయ్యని బతిమాలి కారు కట్టించాం.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఉంగుటూరు, చేబ్రోలు, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరు చేరేసరికి ఇంకా చీకటే. గోదావరి నీళ్ళు తెచ్చే కాలువా, కృష్ణ నీళ్ళు తెచ్చే కాలువా రెండూ వచ్చి కలిసే ఊరది. ఉన్ని తివాచీలకి పెట్టింది పేరు. కానీ ఆ వేళప్పుడు చూడ్డానికేం లేదు, కాఫీ తాగి కైకలూరు రోడ్డు పట్టాం. ఈ రోడ్డు కొల్లేటిలోంచే పోతుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గరకొచ్చేసరికి తూర్పున ఎరుపు కమ్ముతోంది. ఇటూ అటూ మంచు, మంచులో తాటిచెట్ల తలకాయలు, కింద నీళ్ళు. వదినగారు కారాపమన్నారు.

ఇక్కడో చిన్న సంగతి. కారులో ఏసీ వేసుకుని చల్లబడిన కెమెరాని ఒక్కసారిగా బయటి తడిగాలిలోకి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు. అంచేత మా మేనకోడలు దిగడానికి పావుగంట ముందే ఏసీ కట్టేయించి, సంచీ మూసే ఉంచింది. గుడ్డతో తుడిస్తే సరిపోదా అంటారేమో, ఆవిరి లోపలివైపు పడితే తుడిచే దారే లేదు.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పడిన పళ్ళెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు లాంటివన్నీ ఇందులో పడతాయి. పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి, అది సముద్రంలో కలుస్తుంది. వచ్చేవి అన్ని, పోయేది ఒకటి అంటే వర్షాకాలంలో ఏమవుతుందో ఊహించుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచింది అందరికీ గుర్తే, ఆ నీళ్ళన్నీ చివరికి దిగింది ఇక్కడికే. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఆ మధ్య సరస్సునంతా చేపల చెరువులు మింగేస్తే, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు కొట్టించారు. దాని మీద ఇక్కడి ఊళ్ళల్లో ఒక్కొక్కళ్ళది ఒక్కో మాట. చెరువు పోయినవాళ్ళ బాధా ఉంది, నీళ్ళు పోయిన పక్షుల బాధా ఉంది.

కైకలూరు పక్కనే ఆటపాక. లోపల పెద్ద చెరువు, అందులో మట్టి దిబ్బలు, దిబ్బల మీద చెట్లు. చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. వాటి మీద గూళ్ళు. గూడబాతులండీ! మనవాళ్ళిప్పుడు పెలికాన్లంటున్నారు గానీ, చక్కటి తెలుగు పేరుంది. వెనకటికి పొలాలకి నీళ్ళు తోడే గూడ ఎలా ఉంటుందో దాని ముక్కు కింద సంచీ అలా ఉంటుంది. రెక్కలు చాస్తే ఏడెనిమిది అడుగులు, మన డబుల్‌కాట్ మంచం కన్నా పొడవు. వాటి పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, రెక్కలారేసుకునే నీటికాకులు. చప్పుడూ, వాసనా కూడా బాగానే ఉంటాయి, ముక్కుకి గుడ్డ కట్టుకోక తప్పదు.

పడవెక్కాం. వదినగారు ఫోటో కోసం లేవబోతే పడవ నడిపే అబ్బాయి, "లేవకండమ్మగారూ, పడవ ఊగుద్దండి. ఆటికి కూడా బెదురండి" అన్నాడు. కూర్చునే తీశాం, ముగ్గురూ ఒకే గూడుని. పిల్ల తల నెత్తంతా తల్లి నోట్లోకి దూర్చి చేపలు తింటోంది. పిల్ల మింగుతున్నంతసేపూ తల్లి కళ్ళు మూసుకుని నిలబడింది. వదినగారు కెమెరా సంగతి మరిచిపోయి దాన్నే చూస్తూ కూచున్నారు.

ఇక ఫలితాలు చెబుతాను. ఫోనులో గూడు కనబడింది, గూట్లో ఏం జరుగుతోందో తెలీలేదు. టీచరుగారి జూమ్ కెమెరాలో తల్లి కన్ను కూడా కనబడింది! ఎక్కడో అవతలి గట్టు మీదున్న లకుముకి పిట్టని కూడా లాగేసింది. ఎండ రానిచ్చాక అది తీసిన ఫోటోలకి వంక పెట్టడానికి లేదు. కానీ మొదట్లో మంచులో, మసక వెలుతురులో తీసినవి బరకగా వచ్చాయి, ఉప్మారవ్వ చల్లినట్టు. మేనకోడలి కెమెరాలో దూరం అంత రాలేదు గానీ, అదే మసక వెలుతురులో ఈకలు ఈకలుగా వచ్చాయి. పైగా ఎగిరే పక్షి కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది, మనిషి పని సగం తగ్గింది.

తేడా ఎక్కడొచ్చిందంటే సెన్సర్లో. వెనకటి కెమెరాలో ఫిల్ము ఉండే చోట ఇప్పుడు వెలుతురు పట్టే చిన్న పలక ఉంటుంది, అదే సెన్సర్. జూమ్ కెమెరాలో ఆ పలక సుమారు 6 మిల్లీమీటర్లకి నాలుగున్నర, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఏపీఎస్-సి అనే రకం లెన్సు మార్చే కెమెరాల్లో అది సుమారు 23కి 15. అంటే వైశాల్యంలో పది పన్నెండు రెట్లు! వాన కురిసేటప్పుడు వాకిట్లో ఉగ్గుగిన్నె పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? జోరువానలో ఉగ్గుగిన్నె కూడా నిండుతుంది, తుంపరలోనే తేడా తెలిసేది. ఎండలో మూడు కెమెరాలూ బాగానే తీసినట్టు కనబడి, మంచులో అసలు రంగు బయటపడింది అందుకే. ఫోనులో మెగాపిక్సెళ్ళు ఎన్నున్నా ఈ లెక్క మారదు. అసలు మెగాపిక్సెళ్ళ గురించి మనం అంత కంగారు పడక్కర్లేదు. పన్నెండంగుళాలకి ఎనిమిదంగుళాల ప్రింటు నాణ్యంగా వేయించడానికి తొమ్మిది మెగాపిక్సెళ్ళు చాలు. ఇప్పుడొచ్చే చాలా కెమెరాల్లో అంతకి రెండింతలుంటాయి.

రెండోది లెన్సు. ఎంత దూరం లాగుతుందనేది మిల్లీమీటర్లలో చెబుతారు. ఫోను మామూలు లెన్సు పాత ఫిల్ము లెక్కన పాతిక మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంటుంది. ఫోను తెర మీద వేళ్ళతో లాగి పెద్దది చేయడం చాలావరకు జూమ్ కాదు, ఉన్నదాన్ని కత్తిరించి సాగదీయడం. కెమెరాతో వచ్చే 18-55 లెన్సుతో ఇల్లూ, పిల్లలూ, పెళ్ళిపందిరీ అన్నీ వస్తాయి, పక్షి మాత్రం రాదు. 55-250 లాంటిది తగిలిస్తే పాత లెక్కన 400 దాకా వెళుతుంది. అంటే ఫోనులో కనబడే దానికి పదహారు రెట్లు. ఆటపాకలో పడవ గూళ్ళకి కాస్త దగ్గరగానే వెళుతుంది, గూడబాతు కూడా భారీ పక్షి. అక్కడికి అది సరిపోతుంది. పిచ్చుకంత పిట్టల కోసమైతే చాలదు.

మూడోది, షట్టరు. నిలబడ్డ పక్షికి సెకండులో ఐదొందలో వంతు చాలు, ఎగిరేదానికి వెయ్యో వంతు నుంచి రెండువేలో వంతు దాకా కావాలి. డయల్ మీద 'ఎస్' అనో 'టీవీ' అనో ఉంటుంది, అక్కడ పెట్టుకుంటే మిగతాది కెమెరాయే చూసుకుంటుంది. తెల్ల కొంగల దగ్గర మాత్రం దాన్ని పూర్తిగా నమ్మకూడదు. చుట్టూ నల్లటి నీళ్ళుంటే వెలుతురు చాలదనుకుని కొంగని సున్నం కొట్టిన గోడలా తెల్లగా చేసేస్తుంది. ప్లస్ మైనస్ గుర్తున్న బటను నొక్కి మైనస్ వైపు ఒక మెట్టు తగ్గిస్తే ఈకలు కనబడతాయి. ఆకాశం మీద ఎగిరే పక్షి నల్లగా వస్తుంటే ప్లస్ వైపు పెంచాలి. నాకు తెలిసి ఈ ఒక్క బటను నేర్చుకుంటే ఆర్నెల్ల చదువు అయినట్టే.

పడవ దిగాక కూర్చుని టీచరుగారు ఓ కథ చెప్పారు. కథంటే కథ కాదు, నిజం. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షుల శాస్త్రజ్ఞుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు గుంపుగా గూళ్ళు పెట్టే చోటు కనిపెట్టారు. ఆయనది కేరళ, అక్కడ 'ఇందుచూడన్' పేరుతో పక్షుల మీద పుస్తకాలు రాసి చాలా పేరు తెచ్చుకున్నారు. అప్పుడు ఇక్కడ గూళ్ళు పెట్టిన గూడబాతులు దాదాపు మూడు వేలట! 1975 వచ్చేసరికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. ఒక్కటి మిగల్లేదు. మన అమ్మలు, అమ్మమ్మలు ఆ ఊళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళే, కానీ ఆ మూడు వేల పక్షుల ఫోటో మనలో ఎవరింటి ఆల్బంలో ఉంది? పెళ్ళి ఫోటోలున్నాయి, షష్టిపూర్తి ఫోటోలున్నాయి. అప్పట్లో మధ్యతరగతి ఇళ్ళల్లో ఉన్నది ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరా, రీలుకి పన్నెండు ఫోటోలు. ఒక్కటి కూడా పక్షి మీద ఖర్చు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? మళ్ళీ ఏళ్ళకేళ్ళు గడిచాక ఇప్పుడు ఆటపాకలో గూళ్ళు పెడుతున్నాయి.

వదినగారు ఏమీ అనకుండా విని, "అయితే నేను ప్రతి ఏడూ అదే దిబ్బని, అదే చోటు నుంచి తీస్తాను" అన్నారు. అప్పటిదాకా నాకూ ఈ కెమెరా ఒక సరదాగానే అనిపించింది. గూళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టగలిగేటంత స్పష్టంగా ఫోటో ఉంటే, పదేళ్ళ తరవాత ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు, తెలిసినవాళ్ళ వెంట మనలాంటివాళ్ళు కూడా వెళ్ళొచ్చు. అక్కడ ఫోటో ఎంత పనికొస్తుందో చూడండి. మాకు దూరంగా ఓ బాతుల గుంపు కనబడితే ఒకరు ఒకటన్నారు, ఇంకొకరు ఇంకొకటన్నారు. మేనకోడలు తీసిన ఫోటో పెద్దది చేసి చూస్తే తోక సూదిలా ఉంది. సూదితోక బాతు! చలికాలానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చే అతిథి. వాదన అయిపోయింది.

మధ్యాహ్నం కైకలూరులో భోజనం, కొరమీను పులుసు. శాకాహారులకి మేం తెచ్చుకున్న పులిహోర, దద్దోజనం. ఓ మాట చెప్పాలి, పులిహోర చేత్తో తిని కెమెరా ముట్టుకోకండి. లెన్సు మీద నూనె వేలిముద్ర పడిందంటే దీపాల చుట్టూ పొగ కమ్మినట్టు వస్తుంది.

సాయంత్రం కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి గుడికి వెళ్ళాం. ఫాల్గుణ మాసంలో పెద్ద జాతర జరుగుతుంది, మేం వెళ్ళింది మామూలు రోజు. దీపాలు పెట్టే వేళ. గుడి బయట కొబ్బరికాయల కొట్టావిడ దీపం వెలుగులో కూర్చుని ఉంటే వదినగారు అడిగి, ఆవిడ సరేనన్నాకే తీశారు. ఇక్కడ టీచరుగారి జూమ్ కెమెరా బొత్తిగా చేతులెత్తేసింది. వదినగారి ఫోను ఫర్వాలేదనిపించింది, ఫోను లోపల నాలుగైదు ఫోటోలు గబగబా తీసి ఒకటిగా కలుపుతుంది కాబట్టి. మేనకోడలి దగ్గర 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు ఒకటుంది, జూమ్ లేదు, కానీ ఎఫ్ 1.8 దాకా కన్ను తెరుస్తుంది. దాంతో తీసిన ఫోటోలో ఆవిడ మొహం మీద ముడతల దగ్గర్నుంచి కొబ్బరి పీచు దాకా కనబడ్డాయి. ఇలాంటి వెలుతురు తక్కువ చోట్లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు చూశారా? అందులో ఒక గుండ్రటి చైత్యం ఉంది, పైకప్పుకి చెక్క దూలాల్లాగే రాయిలో చెక్కారు. అక్కడ దూరం లాగే లెన్సు దేనికీ పనికిరాదు, దగ్గర్నుంచి ఎక్కువ మేర పట్టే లెన్సే కావాలి. కెమెరా కొనేముందు నేను ఏడాదిలో ఎక్కడెక్కడ తిరుగుతాను అని ఆలోచించమనేది ఇందుకే.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య తప్ప అందరం చర్చే. టీచరుగారు ఒక్క పక్షులే చాలంటారు, లెన్సులు మార్చుకునే ఓపిక తనకి లేదంటారు. ఆవిడకి అదే సరైన కెమెరా, నేను ఒప్పుకుంటాను. వదినగారికి పక్షులూ కావాలి, ఉల్లి మార్కెట్టూ కావాలి, గుడి దీపాలూ కావాలి. అంటే లెన్సు మార్చే రకమే. మేనకోడలి దానిలాంటి మిర్రర్‌లెస్ కొత్తది తీసుకుని, రెండు లెన్సులూ కలిపితే అరవై వేలు దాటిపోతోంది. వాయిదాల్లో కడదామంటే వదినగారు ససేమిరా అన్నారు. మిగిలింది పాత డీఎస్‌ఎల్‌ఆర్. కానన్, నైకాన్ కంపెనీలు 2020 తరవాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడళ్ళు తేవడం లేదు, మిర్రర్‌లెస్ వైపు వెళ్ళిపోయాయి. అందరూ అటు మారుతుంటే శుభ్రంగా వాడిన పాతవి చవగ్గా దొరుకుతున్నాయి. పాతదైనంత మాత్రాన ఫోటో పాడైపోదు. ఎగిరే పక్షి కన్నుని తనే పట్టే తెలివి మాత్రం ఉండదు, అది మనం సాధన చేసుకోవాలి.

పాతది కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లెన్సులోంచి టార్చిలైటు వేసి చూడాలి. లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులుంటే అది బూజు, మన కోస్తా గాలికి త్వరగా పడుతుంది, ఇంక దాన్ని ముట్టుకోవద్దు. డయల్ మీద ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీస్తే సెన్సర్ మీద దుమ్ము నల్ల చుక్కలుగా కనబడుతుంది. షట్టరు ఎన్నిసార్లు పడిందో లెక్క అడగండి. మైళ్ళు తిరగని కారు వెతికినట్టే. ఒక కొట్టాయన బిల్లు లేకపోతే ఐదు వేలు తగ్గిస్తానన్నాడు. కొత్తదైనా పాతదైనా బిల్లు లేని బేరానికి దణ్ణం పెట్టి వచ్చేయడమే మంచిది, రేపు రిపేరుకి ఎవరూ దిక్కుండరు.

మన వయసు వాళ్ళకి ఇంకొకటి, కొట్టు అబ్బాయిలు చెప్పనిది. కన్ను పెట్టి చూసే కిటికీ పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే మన చత్వారానికి సరిపడా సర్దుకుంటుంది. వదినగారు అప్పటిదాకా కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మళ్ళీ దింపి అవస్థ పడుతున్నారు. అది తిప్పి చూసి, "అమ్మో, పక్షి ఇంత స్పష్టంగా ఉంటుందా!" అన్నారు. అలాగే చేతిలో పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడి చూడండి. టీచరుగారి కెమెరా కిలో, మేనకోడలిది పెద్ద లెన్సుతో కలిపి కిలో. కిలో కందిపప్పు ఐదు నిమిషాలు మొహం ఎత్తున పట్టుకోగలమా అన్నదే లెక్క.

హోమై వ్యారవల్లా అని మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్. చీర కట్టుకుని, అంతకన్నా బరువైన కెమెరాలు మోసుకుని ఢిల్లీ అంతా తిరిగేవారు. ఆవిడ తొలి ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈ సంగతి నేను అన్నయ్యకి ప్రత్యేకంగా వినిపించాను లెండి.

చివరికి విజయవాడలో ఒక కొట్లో రెండేళ్ళు వాడిన కానన్ 200డి మార్క్ 2, దాంతో 18-55, 55-250 లెన్సులు, మొత్తం నలభై ఆరు వేలకి బేరం కుదిరింది. ఆరు నెలల గ్యారంటీతో, బిల్లుతో. కెమెరా ఒట్టిది అరకిలో కూడా ఉండదు. ఇంకో బ్యాటరీ, కార్డు, సంచీ పోను మిగిలిన డబ్బు ఆ 50 మిల్లీమీటర్ల లెన్సు కోసమని వదినగారు పోపుల పెట్టె వెనకాల దాచారు.

ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలనేది పెద్ద ప్రశ్న. తోలు సంచీలో, బీరువాలో పెడితే వర్షాకాలంలో బూజు ఖాయం. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అందులో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నారింజ రంగు గింజలు తేమ పీల్చి ఆకుపచ్చగా మారితే, పొయ్యి మీద పాత మూకుట్లో సన్నటి సెగన వేడిచేస్తే మళ్ళీ రంగు తిరుగుతాయి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడొద్దు సుమండీ. బియ్యం వేస్తే చాలంటారు కొందరు, ఆ పిండి దుమ్మంతా లెన్సులోకే పోతుంది. వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు తీస్తుండడం అన్నిటికన్నా మంచి మందు. ఇక చీర చెంగుతో లెన్సు తుడవడం, ఆ అలవాటు మానుకోవాలి! జరీ గీతలు పడితే పోవు. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము లేపేసి, తరవాత మెత్తటి లెన్సు గుడ్డతో సున్నితంగా తుడవాలి.

మీలో ఎవరైనా ఆటపాక వెళ్ళాలనుకుంటే అక్టోబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. కైకలూరు 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది, మా గూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. రైలైతే గుడివాడ, భీమవరం లైనులో కైకలూరు స్టేషనులో దిగొచ్చు. పొద్దున్న తొమ్మిది లోపలో, సాయంత్రం నాలుగు దాటాకో వెలుతురు మెత్తగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఫోటోలు బాలేదంటే లాభం లేదు. గూళ్ళ దగ్గర ఫ్లాషు వెయ్యకండి, పడవ ఇంకా దగ్గరికి తీసుకెళ్ళమని ఒత్తిడి చెయ్యకండి. తల్లి ఎగిరిపోతే పిల్లని కాకులెత్తుకుపోతాయి.

వదినగారు మాఘంలో మళ్ళీ వెళ్ళారు, ఈసారి అన్నయ్యని మాత్రమే తీసుకుని. మొన్న నాలుగు ఆరు సైజులో ప్రింట్లు వేయించారు. పడవ అబ్బాయికి రెండు, కొబ్బరికాయల కొట్టావిడకి ఒకటి. దిబ్బ ఫోటో వెనక తారీఖు వేసి, గూళ్ళ లెక్క రాసి బీరువాలో పెట్టారు. ఇంకొకటి అన్నయ్యది. పడవలో కూర్చుని నోరు తెరుచుకుని గూడబాతుల్ని చూస్తున్నారు. దాన్ని హాల్లో పెడతానని ఆవిడ, వద్దని ఆయన.